మెడ దగ్గర అతుకు

ఆ వానాకాలం నేను తొమ్మిదిమంది మగవాళ్ళని వాళ్ళ వాళ్ళ పెళ్ళాల పక్కన కూర్చోబెట్టాను. అప్పటికి ఆ తొమ్మిదిమందీ పోయి నెల దాటింది. వాళ్ళలో ఒకడు మా అన్నయ్య.

పేపరు మిల్లులో బాయిలర్ పేలింది జూన్‌లో, వానలు మొదలైన వారానికి. పదకొండు మంది పోయారు. ఏడుపులయ్యాయి, గేటు ముందు బైఠాయింపులయ్యాయి, చివరికి గేటుకి ఒక కాగితం అంటించారు. పోయినవాడి భార్యకి ప్యాకింగ్ సెక్షన్‌లో ఉద్యోగం ఇస్తారు. ఉద్యోగంతోపాటు ఇప్పుడుంటున్న క్వార్టర్ ఆమె పేరు మీదకి మారుతుంది. అయితే భార్యేనని రుజువు కావాలి. పెళ్ళి రిజిస్ట్రేషన్ కాగితం ఉంటే అది, లేకపోతే భర్త బతికుండగా ఇద్దరూ కలిసి దిగిన ఫొటో. ఫొటోలో ముఖాలు స్పష్టంగా కనపడాలి. నోటిమాట సాక్ష్యాలు చెల్లవు. సెప్టెంబరు నెలాఖరు గడువు.

కాగితాలున్నది ఇద్దరికే. మిగతా తొమ్మిదిమందీ కాగితాలు చూసుకుని కాపురం చేసినవాళ్ళు కారు. మా అన్నయ్య అయితే పెళ్ళిరోజు కూడా రెండో షిఫ్టుకి వెళ్ళాడు. ఆ మాట ఎత్తి వదిన పదేళ్ళు దెప్పింది.

మిల్లు క్వార్టర్‌లో ఇక మిగిలింది నలుగురం. అమ్మ, వదిన, అయిదేళ్ళ బుజ్జిది, నేను. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనకవైపు మూడు మెట్లు. వదినకి ఉద్యోగం వస్తే ఇల్లుంటుంది, ఇల్లుంటే మేం కలిసుంటాం. రాకపోతే తలో దారి. ఈ మాట ఎవరూ పైకి అనలేదు. అమ్మ మాత్రం ఆ నెలంతా తుడిచిన గోడే మళ్ళీ తుడుస్తూ కూర్చుంది.

నేను మా బాబాయి స్టూడియోలో పనిచేసేదాన్ని. ఫొటో తీసేది బాబాయి, కంప్యూటర్లో దాన్ని మనుషుల్లో పడేసేది నేను. మొటిమలు తీసెయ్యడం, బట్టతల మీద నాలుగు వెంట్రుకలు మొలిపించడం, కోటు లేనివాడికి కోటు తొడగడం, గ్రూప్ ఫొటోకి రాని అల్లుణ్ణి తెచ్చి వెనక వరసలో నిలబెట్టడం. "తల వాళ్ళది, మొండెం మనది" అనేవాడు బాబాయి. మొండెం అంటే మా లెక్కలో మెడ కిందిదంతా. కంప్యూటర్లో ఒక ఫోల్డరు నిండా మొండేలే. కోటు మొండెం, చేతులు కట్టుకున్న మొండెం, కూర్చున్న మొండెం.

ఆ కూర్చున్న మొండెం బాబాయిదే. కొత్తగా డిజిటల్ కెమెరా కొన్న రోజు లైటింగ్ చూసుకోవడానికి తనే నీలం చొక్కా వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కుర్చీలో కూర్చుని తీయించుకున్నాడు. వెలుగు చక్కగా పడింది కాబట్టి ఏ తలైనా దాని మీద ఇమిడిపోయేది. ఏళ్ళ తరబడి వాడి వాడి, అది ఫలానావాళ్ళ ఒళ్ళు అన్న సంగతే నేను మర్చిపోయాను.

ఈ పనిలో దొంగతనం బయటపడేది మెడ దగ్గర. మొహం రంగొకటి, మెడ రంగొకటి అవుతాయి. మొహం మీద వెలుగు ఒకవైపు నుంచీ, ఛాతీ మీద ఇంకోవైపు నుంచీ పడుతుంది. గడ్డం కింద ఉండాల్సిన నీడ ఉండదు. నేను ఒక్కో మెడ మీద పూటకి పూట కూర్చునేదాన్ని. నా అతుకు నేనే కనిపెట్టలేను అని నలుగురి ముందూ చెప్పుకునేదాన్ని కూడా. అంత పొగరు.

మొదట వచ్చింది క్రేన్ డ్రైవరు భార్య. గొడుగు బయట పెట్టి, తడిసిన కాళ్ళతో లోపలికి రావడానికి మొహమాటపడుతూ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆయన ఫొటో ఏదైనా ఉందా అక్కా?" అన్నాను.

ప్లాస్టిక్ కవర్లోంచి గేటుపాసు తీసింది. బొటనవేలు గోరంత మొహం. గడ్డం మీద సగం మిల్లు ముద్ర.

"ఇదొక్కటేనమ్మా. ఫొటో అంటే పారిపోయేవాడు. దిగితే ఆయుష్షు తగ్గుతుందట," అంది. అనేసి, తనన్న మాట తనకే వినపడినట్టుంది, పెదవి కొరుక్కుంది.

బాబాయి ఆమెను బల్ల మీద ఒక చివర కూర్చోబెట్టాడు. "కొంచెం ఎడమవైపుకి ఒరగమ్మా. పక్కన ఆయన ఉన్నాడనుకో."

ఒరిగింది.

"ఇంకాస్త."

"ఇంతకంటే ఆనుకుంటే ఊరుకోడండీ. నలుగురిలో ఆయనకి సిగ్గు."

నేను తెర వెనక్కి వెళ్ళిపోయాను. కళ్ళు తుడుచుకుని వచ్చేసరికి బాబాయి ఇంకా కెమెరాలోంచి మొహం ఎత్తలేదు. ఫోకస్ చూస్తున్నానన్నాడు. ఎదురుగా బల్ల తప్ప ఇంకేం లేదు, ఆమె లేచి వెళ్ళి చెప్పులు వేసుకుంటోంది.

మూడు రోజులకి పిలిచి కంప్యూటర్లో చూపించాను.

"ఇంత తెలుపు కాదమ్మా ఆయన."

కొంచెం నలుపు చేశాను.

"ఇంకా."

ఇంకొంచెం చేశాను. "ఆఁ, చాలు. ఇప్పుడు ఆయనే," అంది. దగ్గరకొచ్చి తెర మీద చొక్కా కాలరు దగ్గర వేలు పెట్టింది. "ఇలాంటి చొక్కా ఒకటి కొనుక్కో అని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. వింటేనా."

ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఫిట్టరు భార్య, లోడింగ్ మేస్త్రీ భార్య, ఇంకా మిగతావాళ్ళు. వాచ్‌మన్ భార్య దగ్గర నిజమైన ఫొటోనే ఉండేది, ఏదో గుంపులో ఇద్దరూ నిలబడి ఉన్నది. ముఖాలు సరిగ్గా లేవని మిల్లు గుమాస్తా దాన్ని ఆమె మొహానే కొట్టాడట. ఆమె కూడా మా దగ్గరికే వచ్చింది.

నాకు ఇది తప్పని ఒక్క పూట కూడా అనిపించలేదు. వాళ్ళు పెళ్ళాలు కాకపోతే కదా. క్వార్టర్లలో చిన్న పిల్లల్ని అడిగినా ఎవరు ఎవరి భార్యో చెప్తారు. లేనిదాన్ని నేను పుట్టించడం లేదు, ఉన్నదానికి ఫొటో లేకపోతే ఫొటో ఇస్తున్నాను, అంతే. ఇప్పటికీ నాకు అలాగే అనిపిస్తుంది. నా మీద నాకు ఒళ్ళు మండేది వేరే సంగతికి.

చొక్కాల రంగులు మార్చాను. ఒకరికి గీతలు, ఒకరికి గళ్ళు. కొందరిని ఇటు తిప్పి కూర్చోబెట్టాను, కొందరిని అటు. అయిదో ఫొటో చేస్తుండగా ఒకసారి చేతులు కంటపడ్డాయి. బాబాయి ఎడమచేతి చిటికెన వేలు బయటికి వంకరగా ఉంటుంది. ఎప్పుడో స్టూడియో షట్టరు దాని మీద పడింది.

"బాబాయ్, నీ వేలు తెలిసిపోతోంది. సరిచెయ్యనా?"

"వేళ్ళ జోలికి పోకే తల్లీ. అయిదు సరిచెయ్యబోతే ఆరవుతాయి. మొగుడూ పెళ్ళాల ఫొటోలో చేతులెవడు చూస్తాడు?"

నిజమే అనిపించింది. చేతులు దిద్దడం ఎంత చాకిరీయో ఈ పని చేసేవాళ్ళకే తెలుసు. మెడ దగ్గరికి వెళ్ళిపోయాను.

ఇక మా ఇంటి సంగతి. మాకు దొంగ ఫొటో అక్కర్లేదు. అసలుదే ఉంది. అంతకుముందు చలికాలంలో ఒక ఆదివారం వెనక మెట్ల మీద అన్నయ్యా వదినా కూర్చుని ఉంటే, కొత్త లెన్సు ఎలా ఉందో చూద్దామని నేనే తీశాను. అన్నయ్య ఏదో అనబోతూ పక్కకి తిరిగాడు. కళ్ళు సగం మూతపడ్డాయి. వదిన నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందు సగం బకెట్టు, పైన తాడు మీద ఆరేసిన బట్టలు. అన్నయ్య ఏమన్నాడని తర్వాత ఎన్నిసార్లు అడిగినా వదిన చెప్పలేదు.

దరఖాస్తు నింపుతూ వదిన ఆ ఫొటో తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇది చాలుగా చిన్నీ? ఇద్దరం ఉన్నాం."

"ఇదేం ఫొటో వదినా. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు, నీ మూతే కనపడట్లేదు. మధ్యలో బకెట్టొకటి."

"నిజంగా దిగిందే కదా."

"నిజమే అనుకో. ముఖాలు సరిగ్గా లేవని వాచ్‌మన్ వాళ్ళది తిప్పికొట్టలేదూ? పైగా ఎనిమిదిమందికి అంత బాగా చేసిచ్చి మన ఇంటిది ఇలా పెడితే నన్నేమంటారు?"

వదిన ఫొటో మళ్ళీ చేతిలోకి తీసుకుంది. అమ్మ వంటింట్లోంచి అంది: "దాన్ని చెయ్యనివ్వమ్మా. అది దాని పని. దానికి తెలుసు."

భయపడి చేశానని తర్వాత చాలామందికి చెప్పాను. గుమాస్తా తిప్పికొడతాడేమోనని భయం ఉన్నమాట నిజమే. కానీ అసలు కారణం అది కాదు, ఇక్కడైనా ఒప్పుకుంటాను. మా అన్నయ్య అందరికంటే బాగా కనపడాలి. మిల్లు ఆఫీసులో ఎవరైనా ఆ ఫొటో చూసి ఎవరు తీశారమ్మా అనాలి. వాడు పోయాక వాడికి నేను చెయ్యగలిగింది అదొక్కటే అనుకున్నాను.

నాలుగు రోజులు పట్టింది. మిల్లు గ్రూప్ ఫొటోలోంచి వాడి తల తీశాను. కళ్ళు తెరిచి ఉన్నాయి, జుట్టు దువ్వి ఉంది. లేతాకుపచ్చ చొక్కా వేశాను. గడ్డం కింద నీడ పెడుతుంటే వాడు ఊపిరి తీస్తున్నట్టే అనిపించి కాసేపు మౌస్ వదిలేశాను. తొమ్మిదింటిలో అంత మంచి మెడ ఇంకోటి లేదు.

ప్రింటు తెచ్చి వదినకిచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది.

"మొహం బాగుంది," అంది. "ఈ చేతులు మీ అన్నయ్యవి కావు."

"చేతులెవరు చూస్తారు వదినా."

నావైపు ఒకసారి చూసింది. తర్వాత దరఖాస్తు మీద సంతకం పెట్టి, ఫొటో దానికి గుచ్చి, గిన్నెలు కడగడానికి వెళ్ళింది.

సెప్టెంబరు మూడో వారంలో మిల్లు క్యాంటీన్‌లో విచారణ పెట్టారు. హెడ్డాఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. తొమ్మిదిమంది ఆడవాళ్ళూ గోడ వెంబడి బెంచీల మీద కూర్చున్నారు. ఫొటోల వెనక మా స్టూడియో ముద్ర ఉంది కాబట్టి బాబాయిని కూడా రమ్మన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. వదినకి తోడుగా నేను వెళ్ళాను.

ఆఫీసరు తొమ్మిది ఫొటోలూ బల్ల మీద వరసగా పేర్చాడు.

"అన్నీ మీరు తీసినవేనా?"

"మేం తీసినవేనండీ. ఒక్కోటి ఒక్కో ఏడు," అన్నాడు బాబాయి. ఆ మాట మేం ముందే అనుకుని వచ్చాం.

ఆఫీసరు జేబులోంచి చిన్న భూతద్దం తీశాడు. సరిగ్గా మెడల దగ్గరే పెట్టి చూశాడు. ఒకటి, రెండు, మూడు. ఏమీ దొరకలేదు. మా అన్నయ్య దగ్గర ఎక్కువసేపు ఆగి, "చాలా బాగా తీశారు," అన్నాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ క్షణం నాకు సంతోషమేసింది.

ఏది చూసి మెచ్చుకున్నాడోనని బాబాయి ముందుకి వంగాడు. వంగుతూ ఆనుకోవడానికి బల్ల అంచు మీద ఎడమచెయ్యి పెట్టాడు.

ఆఫీసరు ఆ చెయ్యి చూశాడు. ఫొటో చూశాడు. మళ్ళీ చెయ్యి చూశాడు.

"పెద్దాయనా, ఆ చెయ్యి అలాగే ఉంచండి."

నాకంటే ముందు బాబాయికే అర్థమైంది. చెయ్యి జేబులో పెట్టుకోబోయాడు. పెట్టుకుని ప్రయోజనం లేదని తెలిసి మళ్ళీ బల్ల మీద పెట్టాడు. ఆఫీసరు ఒక్కో ఫొటో జరిపి ఆ చేతి పక్కన పెట్టి, తీసేసి, ఇంకోటి పెట్టాడు. అయిదింటిలో ఎడమ చిటికెన వేలు వంకర. నేను అద్దంలోలా తిరగేసిన నాలుగింటిలో కుడిది. ఎన్నో ఫొటో దగ్గరో నేను చూడ్డం మానేశాను.

"తొమ్మిదిమందికీ తమరేనన్నమాట మొగుడు," అన్నాడు పక్కనున్న గుమాస్తా.

తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళెవరో నవ్వారు. ఆఫీసరు గుమాస్తా వైపు కోపంగా చూశాడు గానీ అప్పటికే అందరూ విన్నారు. క్రేన్ డ్రైవరు భార్య తల వంచేసుకుంది. బాబాయి మెడ వెనక భాగం ఎర్రగా అయిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

వదిన సంచిలో ఆ మెట్ల మీది ఫొటో ఉంటుందని నాకు తెలుసు. అడగకుండానే చెయ్యి పెట్టి తీశాను.

"సార్, ఇది నిజమైంది. మా అన్నయ్యా వదినా. నేనే తీశాను."

"ఇదీ మీరే చేశారా?"

"చెయ్యలేదు సార్. తీశాను."

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. భూతద్దం తీయలేదు. "నిజమైంది ఇంట్లో ఉండగా ముందే ఇదెందుకు పెట్టలేదమ్మా?" అన్నాడు.

ఇంట్లో అందరినీ నోరెత్తకుండా దబాయించే నేను వదిన వైపు చూశాను.

"బాగాలేదని పెట్టలేదండీ," అంది వదిన.

ఆయన నమ్మాడు. అది నాకు మొహంలో కనపడింది, ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను. నమ్మాడు గానీ, "మీ దగ్గర నుంచి వచ్చిన ఫొటో మీద నేనెలా సంతకం పెట్టనమ్మా," అని దాన్ని కూడా ఆ తొమ్మిదింటితో కలిపి ఫైల్లో పెట్టి తాడు కట్టేశాడు.

మిల్లుకి కావలసింది అదే. తొమ్మిది దరఖాస్తులూ కొట్టేశారు. కావాలంటే కోర్టుకి వెళ్ళి భార్యలమని తేల్చుకుని రమ్మన్నారు. కాగితాలున్న ఇద్దరికీ మర్నాడే ఉద్యోగాలిచ్చి, చూశారా మేం మాట తప్పలేదు అని గేటుకి ఇంకో కాగితం అంటించారు. మాకు అక్టోబరు పదిహేనులోగా క్వార్టర్ ఖాళీ చెయ్యమని నోటీసొచ్చింది.

మర్నాటి నుంచి బాబాయి కెమెరా ముట్టుకోలేదు. స్టూడియో తెరిచి కూర్చునేవాడు, అంతే. ఓ పొద్దున క్రేన్ డ్రైవరు భార్య వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకుని లేచి నిలబడ్డాను. తిడితే బాగుండనిపించింది.

"తిట్టాలనే వచ్చానమ్మా. దారిలో ఓపిక పోయింది," అంది. "ఆ ఫొటో వాళ్ళు తీసేసుకున్నారు. ఇంట్లో పెట్టుకోవడానికి ఇంకోటి ఇస్తావా? నాకు వేరే లేదు."

ప్రింటు తీసిచ్చాను. కవర్లో జాగ్రత్తగా పెట్టుకుని వెళ్ళిపోయింది.

మా ఇల్లు ఖాళీ చెయ్యడానికి ఒక పూట పట్టలేదు. అమ్మ పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళింది. బస్సెక్కే ముందు నాతో అన్నది ఒకే మాట: "దానికి తెలుసు అన్నాను. నా నోరు పడిపోను." నన్ను తిట్టి ఉంటే ఇంత గుచ్చుకునేది కాదు. నేను స్టూడియో వెనక గదిలోకి చేరాను. వదిన బుజ్జిదాన్ని తీసుకుని బస్ డిపో దగ్గర ఒక గదిలో చేరింది. నేనూ వస్తాను అని నేననలేదు, రా అని తనూ అనలేదు.

నెలాఖరులో వానలు ఆగిపోయాక వదిన స్టూడియోకి వచ్చింది. ఆస్పత్రిలో శుభ్రం చేసే పనికి మనుషుల్ని తీసుకుంటున్నారట. ఫారానికి అంటించడానికి ఫొటో కావాలి.

"ఒక్కదాన్నే తియ్యి. దిద్దకు," అంది.

నేనే తీశాను. దిద్దలేదు. కళ్ళ కింద నలుపు, చెంప మీద మచ్చ, అన్నీ అలాగే ఉంచి కత్తిరించి ఇచ్చాను. జిగురు కోసం వెతుకుతూ కౌంటరు మీద తెరిచి ఉన్న ఫారం చూశాను. భర్త పేరు అన్నచోట గీత గీసి ఉంది. పెళ్ళి కాలేదు అన్న గడిలో టిక్కు పెట్టి ఉంది.

"ఇదేంటి వదినా?"

"పోయాడని రాస్తే రుజువు తెమ్మంటారు చిన్నీ. మిల్లువాళ్ళని అడుగుతారు. మిల్లులో నేను ఎవరి భార్యనీ కాను కదా."

కోపంగా అనలేదు. బజారుకెళ్ళి ఏం తేవాలో చెప్పినట్టు చెప్పింది.

"మరి బుజ్జిది?"

"మా అక్క కూతురని చెప్తాను. దానికి కూడా చెప్పాను. నలుగురిలో పిన్నీ అని పిలవమని."

బుజ్జిది బయట మెట్టు మీద కూర్చుని చెప్పు పట్టీ పెట్టుకుంటోంది. రెండుసార్లు తప్పి, మూడోసారి పెట్టుకుంది. వదిన నా చేతిలోంచి జిగురు తీసుకుని ఫొటో అంటించింది, అంచులు వేలితో నొక్కింది. పెన్ను అడిగి తీసుకుంది. సంతకం పెట్టబోయి మొదటి అక్షరం దగ్గర కాసేపు ఆగింది, పదేళ్ళయింది రాసి. ఆ తర్వాత పుట్టింటి ఇంటిపేరుతో సంతకం పెట్టింది.